కొత్త గ్రిల్ ఈల: ఒక పికప్ బండి, రెండు శబ్దాలు, మూడు వారాలు

విజయవాడ ఆటోనగర్‌లో పదిహేడేళ్లుగా బాడీ పని చేస్తున్నాను. డెంటింగ్, పెయింటింగ్, డోర్ సెట్టింగ్, గ్లాసు బీడింగులు (అంచుల రబ్బరు పట్టీలు) నా రోజువారీ పని. సౌండ్ కంప్లయింట్లు నెలకు రెండు మూడు వస్తాయి, చాలావరకు గంటలో తేలిపోతాయి. ఈ కేసుకు మాత్రం మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు నా ఆలోచన తప్పుదారిలో పోవడం వల్లే పోయాయి. ఇదే పని చేసేవాళ్లకు ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నాను.

బండి ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను. మన దేశంలో అమ్మే డబుల్ క్యాబ్ పికప్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్, ఇంకొన్ని. ఈ బండి వాటిలో ఏదన్నది కేసుకు అక్కర్లేదు. తప్పు బండిది కాదు, తర్వాత బిగించిన గ్రిల్‌ది.

నేపథ్యం

ఓనరు ఆక్వా రైతు, యాభై దాటిన మనిషి. ఇల్లు విజయవాడలో, చెరువులు కైకలూరు వైపు. వారంలో నాలుగైదు రోజులు హైవే మీద ఏలూరు దాకా వెళ్లి, అక్కడ కైకలూరు రోడ్డు పట్టుకుంటారు. బండి కొని మూడేళ్లయింది. కంపెనీ గ్రిల్ తీయించి కొత్తది పెట్టించుకుని రెండు నెలలైంది.

కొత్త గ్రిల్ చూడ్డానికి బాగుంది. నల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్ ఫ్రేము. పై సగంలో పెద్ద అక్షరాల ప్లేటు. దాని వెనక నుంచి కింది దాకా అడ్డంగా తొమ్మిది స్టీలు ఊచలు. వెర్నియర్ పెట్టి కొలిస్తే ఊచ మందం సరిగ్గా 5 మిల్లీమీటర్లు. గుండ్రటి ఊచ. ఈ ‘గుండ్రటి’ అన్న మాటలోనే సగం కేసు ఉంది, ఆ రోజు నాకు తట్టలేదు.

వచ్చీరాగానే నేనడిగింది ఒకటే: “పాతది మళ్లీ పెట్టించేసుకుంటే సరిపోదా అండీ?”

“అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చింది బాబూ. తీసేస్తే బాధపడుతుంది,” అన్నారు.

ఆ ప్రశ్న మొదటే అడగడం మంచిదైంది. గ్రిల్ ఉండాలి, సౌండ్ పోవాలి, ఇదీ మా షరతు. లేకపోతే పదిహేను నిమిషాల పని.

సమస్య

ఆయన చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాను. “అరవై దాకా ఏమీ ఉండదు. అరవై దాటాక మొదలవుద్ది. ఎనభైలో భరించలేం. ఈల లాగా ఉంటది, హోరు లాగా కూడా ఉంటది. మా ఆవిడ తలనొప్పని వెనక సీట్లోకి వెళ్లిపోతంది.”

‘ఈల లాగా, హోరు లాగా కూడా’ అన్నారు. దాన్ని నేను ఒకే శబ్దానికి రెండు పోలికలు అనుకున్నాను. ఆయన రెండు శబ్దాల గురించి చెబుతున్నారు. కస్టమర్ మాటను మన భాషలోకి మార్చుకుని రాసుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలిసింది.

మిగతా ప్రశ్నలకు వచ్చిన జవాబులు: ఏసీ ఆపినా సౌండ్ ఉంది. అద్దాలు దించితే ఇంకా ఎక్కువ. వానలో కొంచెం తక్కువ. సాయంత్రం చెరువుల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక్కోరోజు ఎక్కువ, ఒక్కోరోజు తక్కువ.

మా దగ్గరికి రాకముందు

గ్రిల్ బిగించిన యాక్సెసరీస్ షాపువాళ్లు ఫ్రేము చుట్టూ సిలికాన్ పూశారు. సందులు మూస్తే సౌండ్ పోతుందని వాళ్ల లెక్క. పోలేదు. పైగా వాళ్లు వాడింది వెనిగర్ వాసన వచ్చే రకం. ఆ రకం ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది. బోనెట్ లాక్ పక్కన పెయింట్ లేచిన చోట అప్పుడే తుప్పు చుక్కలు మొదలయ్యాయి. బండి మీద సిలికాన్ తప్పదనుకుంటే న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు.

సర్వీస్ సెంటర్‌వాళ్లు బయటి గ్రిల్ ఉంది కాబట్టి మేం చూడం అన్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

తర్వాత ఓనరే సొంతంగా ఒక పని చేశారు. ఊచల వెనక అర అంగుళం మందం ఫోమ్ షీటు కత్తిరించి కూరారు. సౌండ్ సగానికి సగం తగ్గింది. అందుకే రెండు వారాలు అలాగే తిరిగారు. మే నెల, మిట్టమధ్యాహ్నం, టోల్ గేటు దగ్గర బండి ఆగితే ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి వెళ్లింది. అప్పుడు టెన్షన్ పడి మా దగ్గరికొచ్చారు.

బోనెట్ తీయగానే నేను చేసిన మొదటి పని ఆ ఫోమ్ లాగేయడం. గ్రిల్ వెనకాలే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. టర్బో డీజిల్ బండికి ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే గాలిని చల్లబరిచేది) కూడా ముందునుంచి వచ్చే గాలి మీదే బతుకుతుంది. గ్రిల్ నోరు మూస్తే శబ్దం తగ్గడం నిజమే, ఊపిరాడక ఇంజిన్ కూడా కాలిపోతుంది. స్కానర్ పెట్టి చూస్తే ఫోమ్ ఉన్నప్పుడు ఏసీ వేసి ఐడిల్‌లో నిలబెట్టిన బండిలో కూలెంట్ 104 డిగ్రీలు చూపించింది. ఫోమ్ తీశాక అదే ఎండలో 94. అప్పుడే ఒక గీత గీసుకున్నాను: గాలి రేడియేటర్‌కు వెళ్లే దారికి అడ్డం వచ్చే ఏ పరిష్కారమూ ఈ బండికి పెట్టను.

శబ్దం ఎక్కడిదో తేల్చడం

ముందు ఇంజిన్‌ను పక్కన పెట్టాలి. టర్బో ఈల కూడా ఇలాగే ఉంటుంది. కొందరు మెకానిక్‌లు పరుగులో ఇంజిన్ ఆఫ్ చేసి వింటారు. దయచేసి అలా చేయకండి. బ్రేక్ బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. ఒకే స్పీడులో గేరు మార్చి వింటే చాలు. 80లో ఐదో గేరు, 80లోనే నాలుగో గేరు. ఇంజిన్ తిరిగే వేగం మారుతుంది, గాలి వేగం మారదు. మా బండిలో ఈల రెండింట్లోనూ ఒకేలా ఉంది. కాబట్టి అది గాలిదే.

తర్వాత పాత గ్రిల్. “ఉందా, పారేశారా?” అంటే, “అటక మీద ఉంది,” అన్నారు. తెప్పించి బిగించి హనుమాన్ జంక్షన్ నుంచి కలపర్రు టోల్ దాకా తోలాం. నిశ్శబ్దం. టైరు సౌండు, మామూలు గాలి తప్ప ఏమీ లేదు. అద్దాల రబ్బర్లు, మిర్రర్లు, రూఫ్ బీడింగ్ ఏవీ దోషులు కావని ఆ ఒక్క డ్రైవ్‌తో తేలింది. ఇదే మొదటి రోజు చేయకుండా రెండు డోర్ల బీడింగులు విప్పి చూస్తూ ఒక రోజు పాడుచేశాను.

టెస్టులన్నీ పొద్దున ఆరున్నరలోపు పెట్టుకున్నాం. మధ్యాహ్నం దాటితే మన వైపు సముద్రపు గాలి లేస్తుంది. బండి 80లో పోతున్నా ఎదురుగాలి ఉంటే గ్రిల్‌కు తగిలేది 95 కావచ్చు, వెనకగాలైతే 65. సాయంత్రాలు ఒక్కోరోజు ఒక్కోలా ఉందని ఓనరు అన్నదానికి అర్థం ఇదే. పొద్దున కూడా వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలిచాం.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ లేవు. ఫోన్‌లో ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో గీత గీసి చూపించే యాప్ ఒకటి, సీటు మీద ఒకే చోట పెట్టిన ఫోన్ ఒకటి. తోలేది నేను, చూసేది మా కుర్రాడు.

మొదటి పొరపాటు

పాత గ్రిల్‌నూ కొత్త గ్రిల్‌నూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా వెంటనే కనిపించింది. పాతదాని పై అంచు పొడవునా రబ్బరు పెదవి ఉంది. బోనెట్ మూసినప్పుడు అది బోనెట్ అంచుకు ఆనుకుంటుంది. కొత్తదానికి అది లేదు. బోనెట్‌కూ గ్రిల్‌కూ మధ్య ఖాళీ.

“దొరికింది,” అనుకున్నాను. ఖాళీ సోడా సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బూ... మంటుంది కదా. ఇక్కడ బోనెట్ సందు ఆ మూతి. గ్రిల్ వెనక, రేడియేటర్ పైన ఉన్న ఖాళీ గది ఆ సీసా. సందు మీదుగా గాలి రాసుకుపోతుంటే లోపలి గాలి స్ప్రింగులా ఊగుతుంది.

సందు మూయడానికి నాకు అభ్యంతరం లేదు. ఫోమ్ మూసిన దారి వేరు, ఈ సందు వేరు. ఇక్కడినుంచి దూరే గాలి రేడియేటర్‌లోంచి పోదు, దాని నెత్తి మీదుగా ఇంజిన్ గదిలోకి జారిపోతుంది. మూస్తే ఆ గాలి కూడా రేడియేటర్ గుండానే పోవాలి. కంపెనీవాళ్లు రబ్బరు పెదవి పెట్టిందీ అందుకే.

ఎంత మందం బీడింగ్ కావాలో తెలుసుకోవడానికి పిల్లలు ఆడుకునే బంకమట్టి తెప్పించాను. గ్రిల్ పై అంచు మీద ఏడు చోట్ల ఉసిరికాయంత ముద్దలు పెట్టి, వాటి మీద పాలిథిన్ కాగితం కప్పి, బోనెట్ పూర్తిగా లాక్ అయ్యేదాకా మూసి తెరిచాను. నలిగిన ముద్దల మందం కొలిస్తే మధ్యలో 6 మిల్లీమీటర్లు, రెండు చివర్లా 8. ఇంత చేసి కూడా తొందరలో షాపులో ఉన్న 14 మిల్లీమీటర్ల బీడింగే అంటించాను, నొక్కుకుంటుందిలే అని. బోనెట్ గట్టిగా విసిరితే తప్ప లాక్ పడలేదు. అలా వదిలేస్తే హైవే మీద బోనెట్ లేచే ప్రమాదం ఉంది. పీకేసి, లోపల బోలుగా ఉండే 9 మిల్లీమీటర్ల ‘డి’ ఆకారం ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే రబ్బరు) బీడింగ్ తెప్పించి వేశాను. మామూలు చేతి బరువుకే లాక్ పడింది.

మర్నాడు పొద్దున తోలాం. హోరు పోయింది. నేను సంతోషంగా బండి ఇచ్చేశాను. రెండో రోజు ఫోను.

“బాబూ, నువ్వేం చేశావో గానీ ముందుకంటే ఎక్కువైంది.”

నాకు కాళ్ల కింద నేల జారినట్టయింది. బండి తెప్పించుకుని నేనే తోలాను. నిజమే, సన్నటి ఈల చెవిలో సూది గుచ్చినట్టు వినిపిస్తోంది. టెస్టు రోజు నేను హోరు కోసమే చెవి పెట్టాను, అది లేకపోయేసరికి ఈల ఉన్నా పట్టించుకోలేదు.

రెండు శబ్దాలు

ఆ రాత్రి ఫోన్‌లో దాచిన పాత రికార్డింగులు మళ్లీ చూశాను. బీడింగ్ వేయకముందు గీతలో రెండు కొండలున్నాయి. ఒకటి 190 హెర్ట్జ్ (సెకనుకు 190 ఊపులు) దగ్గర, లావుగా. 65 నుంచి 85 స్పీడు దాకా అది అక్కడే ఉంది, ఎత్తు మాత్రమే పెరిగింది. రెండోది సన్నగా, పదునుగా. 60లో 700 దగ్గర ఉన్నది 80కి వచ్చేసరికి 930 దగ్గరికి జరిగింది.

మా కుర్రాడు భజనల్లో హార్మోనియం వాయిస్తాడు. రికార్డింగు విని, “అన్నా, సన్నది స నుంచి మ కి ఎక్కింది. లావుది కదల్లేదు,” అన్నాడు. స నుంచి మ కి నిష్పత్తి 3కి 4. స్పీడు 60 నుంచి 80కి పెరిగింది, అదీ 3కి 4. నేను గీతలు చూసి తేల్చుకున్నది వాడు చెవితో చెప్పేశాడు.

స్పీడుతో పాటు స్వరం కదలకుండా గట్టిపడేది గది శబ్దం. సీసా మూతి మీద ఎంత గట్టిగా ఊదినా చాలాసేపు స్వరం అదే కదా. స్పీడుతో పాటు స్వరం కూడా ఎక్కేది ఊచ శబ్దం, గాలిలో నిలబడ్డ సన్నటి వస్తువు పాడే పాట. మొదటిదాన్ని నేను నయం చేశాను. లావు శబ్దం పక్కన ఉంటే సన్నది అణిగి వినిపిస్తుంది. అడ్డం తీసేసరికి రెండోది బయటపడింది. ఎక్కువ కాలేదు, ముసుగు పోయిందంతే. కానీ డబ్బులిచ్చిన మనిషికి ఆ తేడా ఎందుకు? ఆయన చెవికి ఎక్కువైంది, అదే నిజం.

ఆయనకు చెప్పడం మాత్రం తేలికైంది. చేపల చెరువుల మీద కొంగలూ నీటికాకులూ వాలకుండా నైలాన్ దారాలు లాగి కడతారు. “గాలి లేచిన రోజు ఆ దారాలు పాడతాయి కదండీ?” అన్నాను. “రాత్రిపూట గుయ్ మంటాయి. గాలి పెరిగితే సన్నగా అవుద్ది,” అన్నారు. “మీ గ్రిల్‌లో తొమ్మిది దారాలున్నాయి. గంటకు 80 కిలోమీటర్ల గాలి.” ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది.

దీని లెక్క చాలా పాతది. చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహల్ 1878లో తీగలను గాలిలో గిరగిరా తిప్పి స్వరాలు కొలిచాడు. స్వరం గాలి వేగాన్ని బట్టీ తీగ మందాన్ని బట్టీ ఉంటుందని, తీగ ఎంత బిగించామన్నదానితో పనిలేదని తేల్చాడు. గుండ్రటి ఊచ వెనక గాలి ఒకసారి పైనుంచి, ఒకసారి కింద నుంచి సుడులు విడుస్తుంది. సెకనుకు ఎన్ని సుడులన్నది సుమారుగా ఇలా వస్తుంది: గాలి వేగాన్ని మందంతో భాగించి 0.2తో గుణించాలి. 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. 5 మిల్లీమీటర్ల ఊచకు 889 వస్తుంది. 60కి 667. మా కొలత కొంచెం ఎక్కువే, ఎందుకంటే ఊచల సందుల్లో ఇరుక్కుని పోయే గాలి వేగం బండి వేగంతో సమానంగా ఉండదు. అంకె అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. నాకు కావాల్సింది దోషి మందం. 700, 930 పాడేది 5 మిల్లీమీటర్ల వస్తువే. రెండు మిల్లీమీటర్ల అంచు అయితే రెండు వేలు దాటేది.

ఏ ఊచ?

తొమ్మిదీ పాడుతున్నాయా, కొన్నేనా? మాస్కింగ్ టేపు తీసుకున్నాం. మొత్తం గ్రిల్ మూసి ఐదు నిమిషాలు తోలాం. ఈల లేదు. టేపు టెస్టు పొద్దుటి చల్లదనంలో, ముల్లు మీద కన్నేసి, ఐదు నిమిషాలకు మించకుండా చేయండి. తర్వాత పై సగం తెరిచాం. ఈల లేదు. పైది మూసి కింది సగం తెరిచాం. మోగింది.

ఇది నేను ఊహించలేదు. పై ఊచలే అక్షరాల ప్లేటు పక్కన ఉన్నాయి కాబట్టి అక్కడే గోల అనుకున్నాను. ఆలోచిస్తే ఉల్టా. అక్షరాల ప్లేటు ముందే గాలిని చెల్లాచెదురు చేస్తోంది. చెదిరిన గాలిలో ఊచ పాడలేదు. కింది ఊచలకు శుభ్రమైన గాలి నేరుగా తగులుతోంది. అడ్డూ ఆపూ లేని మూడడుగుల పొడవు. ఒక్కో ఊచా తెరుస్తూ పోతే కింది నాలుగు గట్టిగా, ఐదోది సన్నగా మోగాయి. మిగతా నాలుగు మూగవే.

ఈ పరిశీలనలోనే మందు కూడా దొరికింది. ప్లేటు చేసిన పనే కింది ఊచలకు చేయాలి. గాలిని ఆపకూడదు, సుడులు అన్నీ ఒక్కసారే తాళం వేయకుండా చెదరగొట్టాలి.

కేబుల్ టైలు పనిచేయలేదు

మొదట సులువైనది చూశాం. కింది ఐదు ఊచలకూ నాలుగంగుళాలకొకటి చొప్పున కేబుల్ టైలు బిగించాం. రూఫ్ రాక్ ఊచల ఈలకు చాలామంది ఇదే చేస్తారు. 75 దగ్గర తేడా బాగా తెలిసింది. 80 దాటితే ఈల తిరిగొచ్చింది. టైకీ టైకీ మధ్య నాలుగంగుళాల నున్నటి ఊచ మిగిలే ఉంది. 5 మిల్లీమీటర్ల ఊచకు నాలుగంగుళాలంటే దాని మందానికి ఇరవై రెట్లు. ఆ ముక్క ఒంటరిగా పాడుకోవడానికి అది చాలు. ఇంకా దగ్గరగా కడదామంటే టై తలకాయలు ముళ్లలా కనిపిస్తాయి, అమ్మాయి కొనిచ్చిన గ్రిల్ అందం పోతుంది.

చుట్టిన దారం

పాత కార్ల రేడియో యాంటెన్నా గుర్తు చేసుకోండి. పుల్ల చుట్టూ సన్నటి తీగ మెలికలు తిరిగి ఉంటుంది. అలంకారం కోసం పెట్టింది కాదది. పొడవాటి స్టీలు చిమ్నీల పై భాగంలో మెలికగా అతికించిన రేకు చేసే పనీ అదే. మెలిక ఉంటే ఊచ పొడవునా గాలి విడిపోయే చోటు మారిపోతూ ఉంటుంది. ఇక్కడి సుడి పైకి పోతే, అంగుళం అవతలి సుడి కిందికి పోతుంది. అన్నీ కలిసి ఒక స్వరం కట్టలేవు.

చిమ్నీలకు వాడే లెక్కలో మెలిక ఎత్తు వ్యాసంలో పదో వంతు, ఒక చుట్టు పూర్తయ్యే దూరం వ్యాసానికి ఐదు రెట్లు. మా ఊచకు ఎత్తు అర మిల్లీమీటరు, చుట్టు 25 మిల్లీమీటర్లు. ఓనరు జేబులోంచి చిన్న ఉండ తీసి బల్ల మీద పెట్టారు. చెరువు మీద కట్టే నైలాన్ దారం, ఒక మిల్లీమీటరు మందం. అదే వాడాం.

మొదటిసారి సూపర్ గ్లూతో అంటించాం. ఈల పోయింది. పది రోజులకు వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు తగిలి మూడు ఊచల మీద దారం ఊడింది. రెండోసారి ఊచలు విప్పేశాం. ఫ్రేము వెనక ఒక్కో చివర ఒక్కో స్క్రూ, అంతే. దారం చుట్టి, చివర్లు మాత్రం అంటించి, దాని మీద ఎలక్ట్రీషియన్లు వాడే నల్లటి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాం. వేడిగాలి తగలగానే స్లీవ్ బిగుసుకుని దారం ఉబ్బు పాము వెన్నులా పైకి తేలింది. వేలితో తడిమితే మెలిక స్పష్టంగా తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు దారం ఎందుకు మంచిదైందంటే, స్లీవ్ కొంత మింగినా అవసరమైన ఎత్తు మిగిలింది. ఊచలు ఫ్రేములో ఉండగా హీట్ గన్ పెట్టకండి, ఏబీఎస్ మెత్తబడి వంగిపోతుంది.

ఐదు ఊచలే చుట్టాం. మోగని నాలుగింటిని ముట్టుకోలేదు. ఊచ ఊచకూ మధ్య ఖాళీ దాదాపు అంతే ఉంది, గాలి దారి తెరిచే ఉంది. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి నలభై నిమిషాలు తిప్పి, ఐడిల్‌లో నిలబెట్టి చూస్తే కూలెంట్ 93. బోనెట్ బీడింగ్ వల్ల ఒక డిగ్రీ తగ్గిందని చెప్పను, ఎండలో తేడా కావచ్చు. పెరగలేదు, నాకది చాలు.

కలపర్రు దాకా రెండు వైపులా తోలి గీత చూశాం. 190 కొండ లేదు. 930 కొండ చోట గడ్డిలాంటి మామూలు గాలి సౌండు. సామాను ఖర్చు వెయ్యి రూపాయల లోపే. ఎక్కువ పోయింది పొద్దుటి నిద్ర.

మా షాపులో మారినవి

ఇప్పుడు సౌండ్ కేసు వస్తే కస్టమర్ మాటలు ఆయన వాడిన పదాలతోనే రాస్తాం. ‘లాగా... లాగా’ అని రెండు పోలికలు వినపడితే రెండు శబ్దాలు అనుకునే మొదలుపెడతాం. ఒకటే అని తేలితే నష్టం లేదు.

సామాను విప్పకముందే రికార్డింగు తీస్తాం, 60లో, 70లో, 80లో, పోనూ రానూ. మొదటి రికార్డింగు సరిగా చూసి ఉంటే నాకు ఒక వారం మిగిలేది. స్వరం స్పీడుతో ఎక్కుతోందా, కదలకుండా నిలబడిందా అన్నది ముందు చూస్తాం. గేరు మార్పుతో మారితే అసలు బాడీ పనే కాదు.

బండి ఇచ్చే రోజు కస్టమర్‌నే తోలమంటాను, నేను పక్కన కూర్చుంటాను. నా చెవి నేను బాగుచేసిన దాన్నే వెతుక్కుంటుందని ఈ కేసులో తెలిసింది. ఆయన చెవికి ఆ పక్షపాతం లేదు.

సిలికాన్ డబ్బా మాత్రం గ్రిల్ పనుల్లో పక్కన పెట్టేశాం. సందు మూయాలంటే ముందు ఆ సందులోంచి గాలి ఎటు పోతోందో చూడాలి. రేడియేటర్ వైపు పోతుంటే ముట్టుకోను. రేడియేటర్‌ను తప్పించుకుని పోతుంటే మూస్తాను.

మధ్యలో ఓనరు ముందు స్టీలు క్రాష్ గార్డ్ కూడా పెట్టమన్నారు. గాలి దాని మీద చెదిరి ఈల తగ్గొచ్చని ఎవరో చెప్పారట. తగ్గితే తగ్గొచ్చు, నేను పెట్టనన్నాను. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చట్టం సంగతి అటుంచినా, గుద్దితే అవతల నడిచే మనిషి ఎముకలు ఏమవుతాయో డెంటింగ్ పనిలో చూసిన బంపర్లే నాకు చెబుతాయి.

నాలుగు నెలల తర్వాత

వానలు వెనకబడ్డాక చెకప్‌కు రమ్మన్నాను. స్లీవులు గట్టిగా ఉన్నాయి. బురద మెలికల్లో ఇరుక్కుంటుందేమో అనుకున్నాను, నీళ్లు కొడితే పోతోంది. బోనెట్ బీడింగ్ కుడి మూల రెండంగుళాలు లేచింది. అంటించేటప్పుడు ఆ మూలలో పాత సిలికాన్ జిడ్డు పూర్తిగా తీయలేదు, తప్పు నాదే. గోకి, తుడిచి, కొత్త ముక్క వేశాను.

వెళ్తూ వెళ్తూ, వాళ్ల పక్క చెరువు ఆయన పికప్‌కు కూడా ఇలాంటి గ్రిల్లే పెట్టించారని, అదీ మోగుతోందని, రేపు పంపిస్తానని చెప్పారు. పాత గ్రిల్ అటక మీద ఉంటే అది కూడా బండిలో వేసుకుని పొద్దున ఆరింటికల్లా రమ్మన్నాను.